‘నుంచి’కీ ‘వరకు’కీ నడుమ ఒక అడ్డగీత చాలదు

2023 నవంబర్ 7న ఛత్తీస్‌గఢ్ శాసనసభకు తొలి విడత పోలింగ్ జరిగింది. ఆ రోజు ఓటు వేసిన 20 నియోజకవర్గాలకూ ఒకే వేళలు లేవు. ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకుని, శబరి నది ఒడ్డున ఉన్న కొంటాలో పోలింగ్ ఉదయం 7 గంటలకు మొదలై మధ్యాహ్నం 3 గంటలకు ముగిసింది. దంతేవాడ, బీజాపూర్, నారాయణపూర్‌లలోనూ అంతే. జగదల్‌పూర్, చిత్రకోట్, బస్తర్ నియోజకవర్గాల్లో మాత్రం ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు. బస్తర్ డివిజన్‌లోని 12 స్థానాల్లో తొమ్మిదింటికి ఒక వేళ, మిగిలిన మూడింటికి మరో వేళ. భద్రత కారణంగా చేసిన ఏర్పాటు అది.

ఈ సమాచారాన్ని ఒక సాఫ్ట్‌వేర్ ఓటరు ఫోనుకు చేర్చాలనుకుందాం. దాని దగ్గర ఒక్కో కేంద్రానికి రెండేసి సమయాలు ఉంటాయి: మొదలు, ముగింపు. వాటిని వాక్యంగా మార్చడమే పని. చూడటానికి ఇంతకన్నా తేలికైన పని ఉండదు. రెండు సంఖ్యలు రాసి నడుమ ఒక గీత గీస్తే సరి: ‘7-3’. కానీ కొంటా చుట్టుపక్కల పల్లెల్లో ఆ గీతను చూసిన మనిషికి ఏం అర్థమవుతుంది? ఏడింటి నుంచి మూడింటి వరకు అనా? ఏడో నెల మూడో తారీఖు అనా? పోలింగ్ అంటే సాయంత్రం దాకా ఉంటుందని అలవాటుపడ్డ ఓటరు ఆ గీతను పట్టించుకోకుండా నాలుగింటికి బయల్దేరితే, కేంద్రానికి చేరేసరికి తలుపు మూసి ఉంటుంది.

తేదీల, సమయాల వ్యవధిని వచనంగా రాయడం సాఫ్ట్‌వేర్‌లో చాలామంది చివరి గంటలో ముగించేసే పని. అసలు ప్రోగ్రాం అంతా పూర్తయ్యాక తెర మీద అలంకారంలా దీన్ని చేర్చుతారు. ఆ దృష్టి మారాలి. ప్రజలకు సేవలందించే సాఫ్ట్‌వేర్‌లో వ్యవధిని రాయడం అలంకారం కాదు, అదే సమాచారం. అది తెలుగులో తెలుగు వాక్యంగా, గోండీలో గోండీ వాక్యంగా ఉండాలి. మొదటి రోజూ చివరి రోజూ లెక్కలోకి వస్తాయో లేదో చదివినవాడికి అనుమానం మిగలకూడదు.

యంత్రం గీత ఎలా గీస్తుంది?

దీనికి పరిష్కారం లేకపోలేదు. ప్రపంచంలోని భాషల తేదీ పద్ధతులు, సంఖ్యల పద్ధతులు, నెలల పేర్లు సేకరించి ఉంచే ఉమ్మడి భాండాగారం ఒకటి ఉంది. యూనికోడ్ సంస్థ నిర్వహించే దాని పేరు సీఎల్‌డీఆర్. ఆ సమాచారాన్ని వాడుకుని పనిచేసే ఐసీయూ అనే ప్రోగ్రాముల సంపుటి ఫోన్లలో, కంప్యూటర్లలో లోలోపల ఉంటుంది. 2008లో వచ్చిన ఐసీయూ 4.0 నాటికే వ్యవధులను రాసే సదుపాయం అందులో చేరింది. వెబ్ పేజీల భాష అయిన జావాస్క్రిప్ట్‌లోకి అదే సదుపాయం 2021 ప్రమాణంతో అధికారికంగా వచ్చింది.

అది పాటించే సూత్రం సులువైనదే. రెండు తేదీలను పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన అంగాల్లో అన్నిటికన్నా పెద్దది ఏదో చూస్తుంది. రోజు మాత్రమే మారితే నెలనూ సంవత్సరాన్నీ రెండుసార్లు చెప్పదు: ‘5–9 అక్టోబర్ 2023’. నెల మారితే నెలను రెండుసార్లు చెప్పి సంవత్సరాన్ని ఒక్కసారే చెబుతుంది: ‘28 సెప్టెంబర్ – 3 అక్టోబర్ 2023’. సంవత్సరం మారితే అన్నీ రెండుసార్లు. సమయాలకూ ఇదే తీరు. రెండూ మధ్యాహ్నానికి ముందువే అయితే ఆ మాట ఒక్కసారి చాలు. ఒకటి ముందు, మరొకటి తర్వాత అయితే రెండు చోట్లా చెప్పి తీరాలి. మొదలూ ముగింపూ ఒకే రోజైతే ‘5–5 అక్టోబర్’ అని రాయకుండా ఒక్క తేదీనే రాస్తుంది.

మనుషులు మాట్లాడే తీరూ ఇదే. ‘అక్టోబర్ ఐదు నుంచి తొమ్మిది దాకా’ అంటారు తప్ప అక్టోబర్‌ను రెండుసార్లు పలకరు. ఏది వదిలేయవచ్చో, ఏది వదిలేయకూడదో తెలిసి వదలడమే ఇక్కడి నేర్పు. సొంతంగా గీత గీసే ప్రోగ్రామర్ సరిగ్గా ఇక్కడే తప్పటడుగు వేస్తాడు. చోటు కలిసి వస్తుందని ‘7:00–3:00 పీఎం’ అని రాస్తే మొదటి ఏడు పొద్దున్నదో సాయంత్రానిదో చదివినవాడు ఊహించుకోవాల్సిందే.

తెలుగు వాక్యం తిరగబడే చోటు

సిద్ధంగా ఉన్న ఆ సదుపాయాన్ని వాడకుండా ఇంగ్లిష్‌లో రాసిన తెరను మాటకు మాట తెలుగు చేస్తే మరో చిక్కు వస్తుంది. ఇంగ్లిష్‌లో ‘ఫ్రం’, ‘టు’ అనే మాటలు తేదీకి ముందు వస్తాయి. తెలుగులో ‘నుంచి’, ‘వరకు’ తేదీకి వెనక వస్తాయి. ప్రోగ్రామర్ ‘ఫ్రం’ను ఒక ముక్కగా, ‘టు’ను మరో ముక్కగా అనువాదకుడి చేతికిచ్చి, తిరిగి వచ్చిన ముక్కల్ని పాత వరుసలోనే అతికిస్తే ‘నుండి 7 వరకు 3’ అని తయారవుతుంది. ఇందులో అనువాదకుడి తప్పేమీ లేదు, ఇచ్చిన రెండు ముక్కలకూ సరైన మాటలే రాశాడు. తప్పు వాక్యాన్ని ముక్కలు చేసిన చోట ఉంది. నమూనా మొత్తాన్ని ఒకే వాక్యంగా ఇచ్చి, మొదలు ఎక్కడ రావాలో ముగింపు ఎక్కడ రావాలో భాషకే వదిలేస్తే ఈ గొడవ ఉండదు.

అడ్డగీతకు తెలుగులో ఇంకో అర్థం కూడా ఉంది. ‘2-3 రోజులు’ అని రాస్తే తెలుగువాళ్లు ‘రెండు మూడు రోజులు’ అని చదువుతారు. అది వ్యవధి కాదు, ఉజ్జాయింపు. ‘10-15 రోజుల్లో వస్తుంది’ అంటే పదో రోజు నుంచి పదిహేనో రోజు వరకు ఒక గడువు పెట్టారని ఎవరూ అనుకోరు, పది పదిహేను రోజులు పట్టవచ్చని అనుకుంటారు. ‘5-6 తేదీల్లో’ అంటే ఐదు, ఆరు అనే రెండు రోజులు. ఇక ‘10-12’ను డిసెంబర్ పదో తారీఖు అని చదివేవాళ్లకూ కొదవ లేదు, ఎందుకంటే తేదీని అంకెల్లో రాసేటప్పుడు వాడేదీ అదే గీత. ఒకే గుర్తుకు ఇన్ని పనులు అప్పగించి, దాని మీద ఒక మనిషి ఓటో కూలో మందులో ఆధారపడేలా చేయడం సరికాదు.

చదవలేనివాళ్ల సంగతి వేరే చెప్పాలి. బస్తర్‌లో చాలామందికి సమాచారం తెర మీది అక్షరంగా కన్నా చెవికి వినబడే మాటగానే చేరుతుంది. వచనాన్ని చదివి వినిపించే ప్రోగ్రాముల్లో కొన్ని అడ్డగీతను మింగేస్తాయి, కొన్ని ‘మైనస్’ అని పలుకుతాయి. ‘ఉదయం 7 గంటల నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకు’ అని పూర్తిగా రాసిన వాక్యాన్ని ఏ యంత్రం చదివినా అర్థం చెడదు.

ఉదయం, మధ్యాహ్నం అనే మాటల దగ్గరా ఆగాలి. సీఎల్‌డీఆర్‌లో తెలుగు కోసం ఉన్న సమాచారంలో ఏఎం, పీఎం అనేవి ఇంగ్లిష్ అక్షరాలతోనే ఉన్నాయి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అనే తెలుగు మాటలూ అందులోనే వేరేగా ఉన్నాయి, వాటిని వాడేందుకు ఒక ప్రత్యేక సంకేతం కూడా ఉంది. కానీ ప్రోగ్రామర్ కోరి అడిగితే తప్ప అవి బయటకు రావు. అడిగిన తర్వాతా ఒక ప్రశ్న మిగులుతుంది: మధ్యాహ్నం ఎక్కడ ముగిసి సాయంత్రం ఎక్కడ మొదలవుతుంది? ఆ గీతను ఆరు గంటల దగ్గర పెడితే జగదల్‌పూర్ పోలింగ్ ‘మధ్యాహ్నం 5’కి ముగుస్తుంది. తెలుగు మాట్లాడే ఏ ఇంట్లోనూ ఆ మాట వినబడదు. ఈ సరిహద్దు ఎక్కడుందో గణితం చెప్పలేదు, ఆ భాష మాట్లాడేవాళ్లే చెప్పాలి.

చివరి రోజు లెక్కలో ఉందా?

ఇంతవరకూ చెప్పినవి చదవడంలో వచ్చే చిక్కులు. లెక్కలో వచ్చే చిక్కు ఇంకా ముఖ్యమైనది.

మిర్చి కోతల కాలంలో బస్తర్ నుంచి వేలమంది కూలీలు సరిహద్దు దాటి తెలంగాణ, ఆంధ్ర పొలాలకు వస్తారు. ఒక కూలీ పదో తారీఖు నుంచి ఇరవయ్యో తారీఖు వరకు పని చేస్తే ఎన్ని రోజుల కూలి రావాలి? వేళ్ల మీద లెక్కపెడితే 11. ఇరవైలోంచి పది తీసివేస్తే 10. యంత్రానికి తీసివేతే తెలుసు. ‘వరకు’ అనే మాటలో ఆఖరి రోజు కూడా కలిసి ఉందని దానికి ఎవరైనా చెబితే తప్ప, ఒక రోజు కష్టం లెక్కలోంచి జారిపోతుంది.

ప్రోగ్రామర్లు మొదలును కలుపుకుని ముగింపును వదిలేసే పద్ధతిని ఎంచుకోవడానికి మంచి కారణమే ఉంది. కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1982లో రాసిన ఒక చిన్న పత్రంలో దాన్ని సమర్థించాడు. ఆ పద్ధతిలో ముగింపులోంచి మొదలును తీసేస్తే నేరుగా పొడవు వస్తుంది. ఒక వ్యవధి ముగిసిన చోటే మరొకటి మొదలవుతుంది కాబట్టి నడుమ సందూ ఉండదు, ఒకదాని మీద ఒకటి పడటమూ ఉండదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు తేదీల వ్యవధిని లోపల ఈ రూపంలోకే మార్చుకుంటుంది. క్యాలెండర్ ఫైళ్లకు 2009లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5545 ప్రమాణమూ ఇంతే చెబుతుంది: అక్టోబర్ 1 నుంచి 3 వరకు జరిగే కార్యక్రమానికి ముగింపు తేదీగా ఫైలులో 4 ఉంటుంది.

లోపల ఇది సరైనదే. ఆ 4ను అలాగే తెర మీదికి తోసేస్తే తప్పవుతుంది. అప్పుడు మూడు రోజుల శిబిరం నాలుగు రోజులైనట్టు కనబడుతుంది, నాలుగో రోజు వచ్చినవాడు ఖాళీ మైదానం చూసి వెళ్తాడు. ఒక ప్రోగ్రాం ఒకటి తగ్గించి పంపితే, అందుకున్న రెండో ప్రోగ్రాం ఆ సంగతి తెలియక మళ్లీ ఒకటి తగ్గిస్తే చివరి రోజు మాయమవుతుంది.

మందుల విషయంలో దీని బరువు తెలుస్తుంది. బస్తర్ మలేరియా బెడద ఉన్న ప్రాంతం; అక్కడ 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం మొదలైంది. ఆ అడవుల్లో ఫాల్సిపారం రకం ఎక్కువ, వైవాక్స్ రకం కూడా ఉంది. వైవాక్స్ పరాన్నజీవి కాలేయంలో నిద్రాణంగా దాక్కుని కొన్నాళ్లకు మళ్లీ జ్వరం తెప్పిస్తుంది. అందుకే దేశంలో అమల్లో ఉన్న చికిత్స విధానం ప్రకారం, వైద్యపరంగా ఇవ్వదగినవారికి ప్రైమాక్విన్‌ను 14 రోజులు ఇస్తారు. మార్చి 3న మొదటి మాత్ర వేసుకుంటే ఆఖరిది మార్చి 16న. మూడుకు పద్నాలుగు కలిపితే వచ్చేది 17. రోగి చేతికిచ్చే చీటీ మీద ‘3–17’ అని ఉంటే ఇచ్చిన మాత్రలకూ రాసిన రోజులకూ పొంతన కుదరదు. ‘మార్చి 3 నుంచి 16 వరకు, 16 కలిపి, మొత్తం 14 రోజులు’ అని ఉంటే ఆశా కార్యకర్త కూడా ఒక్క చూపులో సరిచూసుకోగలదు. మొదలు, ముగింపు, మొత్తం అనే మూడూ ఉంటే వాటిలో ఒకటి తప్పినా మిగతా రెండూ పట్టిస్తాయి.

ఈ తేడా చెప్పేందుకు తెలుగులో మాటలున్నాయి. ‘వరకు’, ‘దాకా’ అంటే ఆఖరిది సాధారణంగా కలిసే ఉంటుంది. ‘లోపు’, ‘లోగా’ అంటే ఆ రోజు కలుస్తుందో లేదో సందేహమే. ‘20వ తేదీ లోపు దరఖాస్తు చేయాలి’ అన్నప్పుడు 20న వెళ్తే తీసుకుంటారా? ఒక కార్యాలయంలో తీసుకుంటారు, మరోచోట తిప్పి పంపుతారు. గడువు రాసే సాఫ్ట్‌వేర్ ఈ మాటను వాడకుండా ఉంటే మేలు. ‘31వ తేదీ అర్ధరాత్రి’ అన్నదీ ఇలాంటిదే. 31 మొదలయ్యే రాత్రా, ముగిసే రాత్రా? ‘31వ తేదీ రాత్రి 11:59 వరకు’ అంటే తగవు లేదు.

మాట ఎంత చక్కగా రాసినా నియమం వేరే ఉండవచ్చు. పోలింగ్ మూడింటికి ముగుస్తుందంటే, మూడింటికి వరుసలో నిలబడి ఉన్నవాళ్లందరికీ ఓటు హక్కు ఉంటుంది. అంటే ఆ ‘3 వరకు’ ఓటు వేయడానికి గడువు కాదు, వరుసలో చేరడానికి గడువు. దేనికి గడువో కూడా చెప్పినప్పుడే వ్యవధి పూర్తవుతుంది.

107 రోజుల దసరా

వ్యవధిని రాయడం ఎంత లోతైన పనో తెలియాలంటే బస్తర్ దసరాను చూడాలి. జగదల్‌పూర్‌లో దంతేశ్వరి అమ్మవారి పేరిట జరిగే ఈ ఉత్సవాన్ని 75 రోజుల పండుగ అంటారు. ఛత్తీస్‌గఢ్‌లో హరేలీ పండుగ చేసుకునే అమావాస్య నాడు, రథం కోసం తెచ్చిన దుంగకు పూజ చేసే పాట్ జాత్రతో అది మొదలవుతుంది. ఆశ్వయుజంలో మురియా దర్బారు, అమ్మవారి డోలీ సాగనంపడంతో ముగుస్తుంది.

2023లో ఆ పండుగ 107 రోజులు సాగింది. జూలై 17న పాట్ జాత్ర, అక్టోబర్ 31న ముగింపు. రెండు తేదీలనూ కలుపుకుంటేనే 107 వస్తుంది, తీసివేత చేస్తే 106. ఇంత పొడుగు కావడానికి కారణం ఆ ఏడాది వచ్చిన అధిక శ్రావణం. జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు ఉన్న ఆ అధిక మాసం మొదలుకీ ముగింపుకీ నడుమ పడి, వ్యవధిని నెల రోజులు సాగదీసింది. 2026లోనూ అధిక మాసం ఉంది, కానీ అది జ్యేష్ఠంలో, హరేలీకి ముందే వచ్చింది. కాబట్టి దాని వల్ల పండుగ పొడవు పెరగదు, మొదలయ్యే రోజు మాత్రం ఆగస్టు నడిమికి జరుగుతుంది. ‘మొదలు తేదీకి 74 కలుపు’ అని రాసుకున్న ప్రోగ్రాం ఏదో ఒక ఏడాది తప్పక బోల్తా పడుతుంది. వ్యవధిని పొడవుతో కాకుండా రెండు కొసలతో గుర్తుంచుకోవాలి అనడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

సరిహద్దుకు ఇటువైపు నుంచి చూస్తే మరో మెలిక ఉంది. హరేలీని ఛత్తీస్‌గఢ్‌లో శ్రావణ అమావాస్య అంటారు. అదే రోజు తెలుగు పంచాంగంలో ఆషాఢ అమావాస్య, చుక్కల అమావాస్య. ఉత్తరాదిలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, తెలుగునాట అమావాస్యతో ముగుస్తుంది. శుక్ల పక్షంలో రెండు చోట్లా నెల పేరు ఒకటే, కృష్ణ పక్షంలోనే తేడా. అందువల్ల దసరా వ్యవధి మొదలయ్యే కొస పేరు మారుతుంది. హిందీ ప్రకటనలోని ‘శ్రావణ’ను తెలుగులో ‘శ్రావణం’ అని దించేస్తే భద్రాచలంలో చదివినవాడికి అది పోలాల అమావాస్య అవుతుంది. మామూలు ఏడాది నెల రోజుల తప్పు అది. అధిక శ్రావణం వచ్చిన 2023లోనైతే సుమారు రెండు నెలలు.

మూడో శ్రావణం కూడా ఒకటుంది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన పనిచేసిన సంఘం సిఫార్సుతో 1957 మార్చి 22 నుంచి అమల్లోకి వచ్చిన భారత జాతీయ క్యాలెండర్ సౌరమానం. అందులో శ్రావణం ఏటా జూలై 23న మొదలవుతుంది. దాని ప్రకారం 2023 జూలై 17 శక సంవత్సరం 1945 ఆషాఢం 26. సాఫ్ట్‌వేర్లలో ‘భారతీయ క్యాలెండర్’ అన్న పేరుతో దొరికేది ఎక్కువగా ఇదే, పంచాంగం కాదు. ఏ క్యాలెండర్‌లోని నెలో చెప్పకుండా నెల పేరు ఒక్కటే చెబితే వ్యవధి ఎక్కడ మొదలైందో తెలియదు.

రోజు ఎప్పుడు మొదలవుతుందన్నదీ తేలాల్సిన విషయమే. దసరాలో అష్టమి నాటి అర్ధరాత్రి నిశా జాత్ర జరుగుతుంది. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, గడియారానికి అర్ధరాత్రితో. నడిరాత్రి పన్నెండు దాటాక కూడా జనం ‘అష్టమి రాత్రే’ అంటారు, యంత్రం మరుసటి తేదీ వేస్తుంది. అలాంటి కార్యక్రమానికి ‘22వ తేదీ రాత్రి, తెల్లవారితే 23’ అని రాయడం తెలుగువాళ్లకు అలవాటైన పద్ధతే. దాన్ని యంత్రానికి నేర్పాలి.

రాత మనిషికి, లెక్క యంత్రానికి

ఇంకో అలవాటు కూడా పోవాలి: మనిషి కోసం రాసిన వచనాన్ని తిరిగి యంత్రం చేత చదివించడం. 2022 అక్టోబర్‌లో వచ్చిన సీఎల్‌డీఆర్ 42 ఇంగ్లిష్ సమయాల్లో అంకెకూ ఏఎం, పీఎంలకూ నడుమ ఉండే మామూలు ఖాళీని మార్చి, పంక్తి విరగకుండా ఉండే సన్నని ఖాళీని పెట్టింది. కంటికి పెద్ద తేడా లేదు. కానీ ఆ వచనాన్ని ముక్కలు చేసి సమయాన్ని వెనక్కి రాబట్టుకునే ప్రోగ్రాములు ఒక్కసారిగా తడబడ్డాయి. చివరికి 2023 తొలి నెలల్లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు పాత ఖాళీకే తిరిగి వెళ్లాల్సి వచ్చింది. యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఐఎస్ఓ 8601 అనే ప్రమాణం ఉంది. అందులో వ్యవధిని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాసి నడుమ ఏటవాలు గీత పెడతారు. యంత్రాల మధ్య అది నడవాలి, మనుషుల ముందు వాక్యం నడవాలి. ఒకదాని పని మరొకదానికి అప్పగిస్తే రెండూ చెడతాయి.

ఇదంతా చాదస్తం అనేవాళ్లు ఉంటారు. అంకెలు అందరికీ తెలుసు, ఒకే పద్ధతి దేశమంతా పెడితే పోదా అని అడుగుతారు. ఆ మాటలో కొంత న్యాయముంది. అంకెలు భాషల మధ్య వంతెనే. కానీ ఇక్కడ తగాదా అంకెల గురించి కాదు, అంకెల నడుమ ఉన్న సంబంధం గురించి. ఆ సంబంధాన్ని చెప్పేది భాషే. చిన్న తెర మీద పొడుగు వాక్యం పట్టదన్న అభ్యంతరమూ ఉంది. అందుకే నమూనాల్లో పొట్టివీ పొడుగువీ వేర్వేరుగా ఉంటాయి. పట్టికలో పొట్టిది వాడవచ్చు. ఓటు, కూలి, మందు, గడువు వంటి చోట పొడుగుదే వాడాలి. ఖర్చు అనే మాటకు బలం తక్కువ, ఎందుకంటే ఇందుకు అవసరమైన ప్రోగ్రాములు ఉచితంగా, అందరికీ అందుబాటులో ఇప్పటికే ఉన్నాయి.

చేయాల్సినవి నాలుగు పనులు. ప్రజలకు ఉద్దేశించిన ప్రతి సాఫ్ట్‌వేర్‌లో వ్యవధిని చేత్తో అతికించడం మాని, భాషను బట్టి రాసే సిద్ధమైన సదుపాయాన్ని వాడాలి. సాఫ్ట్‌వేర్ కొనుగోలు ఒప్పందాల్లోనే ఈ షరతు పెట్టవచ్చు. గడువులూ మోతాదులూ ఉన్న చోట ‘చివరి రోజు కలిపి’ అన్న మాటా, మొత్తం రోజుల సంఖ్యా తప్పనిసరి చేయాలి. పరీక్షించేటప్పుడు నెల మారే రోజు, సంవత్సరం మారే రాత్రి, మధ్యాహ్నం దాటే సమయం, ఒకే రోజు మొదలై ముగిసే వ్యవధి అనే నాలుగు సందర్భాలను ప్రతి భాషలోనూ ఆ భాష వచ్చినవాళ్ల చేత చదివించి చూడాలి.

నాలుగోది భాషా సమాజాల చేతిలో ఉంది. సీఎల్‌డీఆర్ సమాచారాన్ని పైనుంచి ఎవరో నిర్ణయించి పెట్టరు. నిర్ణీత కాలాల్లో ఆ భాష తెలిసినవాళ్లు ప్రతిపాదించి, ఓటు వేసి తేల్చుతారు, స్వచ్ఛందంగా ఎవరైనా చేరవచ్చు. సాయంత్రం ఎప్పుడు మొదలవుతుందో, వ్యవధికి గీత కావాలో ‘నుంచి–వరకు’ కావాలో తెలుగువాళ్లు అక్కడికి వెళ్లి చెప్పాలి. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు, కంప్యూటర్ శాఖలకు కలిసి చేయదగిన పని ఇది. బస్తర్ భాషల దారి ఇంకా పొడుగు. మసరాం గోండీ లిపి 2017లో యూనికోడ్ 10తో, ఆదిలాబాద్ ప్రాంతపు గుంజాల గ్రామం పేరు మోసే గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్ 11తో కంప్యూటర్లలోకి వచ్చాయి. అక్షరానికి చోటు దొరకడం తొలి మెట్టు. వారాల పేర్లు, పూటల పేర్లు, ‘ఇక్కణ్నుంచి అక్కడిదాకా’ అని చెప్పే తీరు సమకూరినప్పుడే ఆ భాషలో ఒక సంత వేళ గానీ వైద్య శిబిరం తేదీలు గానీ సూటిగా చెప్పగలిగేది. గోండీ, హల్బీ, దోర్లీ మాట్లాడేవాళ్లను అడగకుండా ఆ సమాచారం నింపితే, తెలుగుకు జరిగిన ‘నుండి 7 వరకు 3’ వాళ్లకూ జరుగుతుంది.

కొంటాలో మళ్లీ ఎన్నికలు వస్తాయి, మళ్లీ వేళలు ప్రకటిస్తారు. అప్పుడు ఓటరు ఫోనులో తన భాషలో ఇలా వినబడాలి: ‘ఉదయం 7 గంటల నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకు. మూడింటికి వరుసలో ఉన్నవారందరూ ఓటు వేయవచ్చు.’ ఇది విన్నవాళ్లెవరూ నాలుగింటికి బయల్దేరరు.